విషయం: మంటకు వంశావళి వినిపించుట

మా జ్వాలానివారణ శాఖ డైరెక్టరు గరుడాచలం గారు జపాను వెళ్లి తొమ్మిది రోజులు ఉండి వచ్చారు. ప్రభుత్వం ఆయన్ని పంపింది కొత్తరకం నీళ్లపంపులు చూసి రమ్మని. ఆయన పంపులు చూడలేదు. మూడో రోజున ఎవరో ఆయన్ని ఒక పాతకోటకి తీసుకెళ్లారట. అక్కడ అద్దాల బీరువాల్లో కత్తులూ, కొమ్ములున్న ఇనప టోపీలూ, ఎప్పుడో చచ్చిపోయిన యోధుల వంశవృక్షాలూ చూశాక, మిగతా ఆరు రోజులూ ఆయన అక్కణ్ణుంచి కదల్లేదు. తిరిగొచ్చినప్పుడు పెట్టెలో పంపుల వివరాల బదులు ఒక పుస్తకం ఉంది. జపాను వీరవంశాల మీద ఎవరో రాసిన నూట నలభై పేజీల పుస్తకం. అందులో ఆయన అరవై పేజీలు చదివారు. ఆ తరవాత మా శాఖలో జరిగిందంతా ఆ అరవై పేజీల పుణ్యమే.

ఈ శాఖ ఏ రాష్ట్రంలో ఉందని అడక్కండి. చెబితే నాకు పెన్షను రాదు. నా పేరు గంటి భద్రం. తాళ్లలంక స్టేషన్లో ఫోనెత్తే ఉద్యోగం నాది. ఎక్కడో మంట లేస్తుంది, ఎవరో ఫోను చేస్తారు, నేను గంట కొడతాను, మావాళ్లు ఫైరింజనెక్కి వెళ్లి ఆర్పేసి వస్తారు. ఇరవై రెండేళ్లుగా ఇదే పద్ధతి. ఇందులో లోపముందని మాలో ఎవరికీ తట్టలేదు. అది మా అజ్ఞానమని సర్క్యులరు వచ్చాక తెలిసింది.

సర్క్యులరు ఇలా ఉంది:

"విషయం: సిబ్బందియందు వీరధర్మ స్ఫూర్తి నెలకొల్పుట - మంటకు వంశావళి వినిపించుట - ఉత్తర్వులు జారీ చేయడమైనది. జపాను దేశమునందు తైరా, మినామోతో అను మహావంశములవారు రణరంగమున ఎదురెదురు నిలిచినపుడు, ప్రతి యోధుడును ముందుగా తన పేరు, తండ్రి తాతల పేర్లు, వారొనర్చిన ఘనకార్యములు బిగ్గరగా ప్రకటించి, పిదప మాత్రమే ఖడ్గము దూసెడివాడు. దీనిని నానోరి అందురు. వంశము చెప్పక పోరాడువాడు యోధుడు కాడు, దారిదోపిడీగాడు. అగ్నిప్రమాదము కూడ ఒక యుద్ధమే అయినందున, ఇకపై సిబ్బంది యావన్మందియు మంటకు పన్నెండడుగుల దూరమున నిలిచి, కుడిచేయి గుండెపై నుంచి, మూడు తరములకు తగ్గకుండ వంశప్రకటన గావించిన తరువాతనే గొట్టము పట్టవలెను. ప్రకటన మధ్యలో క్రమము తప్పినచో మరల మొదటినుండి ప్రారంభింపవలెను."

మా స్టేషనాఫీసరు విస్సన్న గారు దాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకి రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లుంది. సర్వీసులో ఇంతవరకూ దేన్నీ కాదనలేదు, ఆ రెండేళ్లూ కూడా కాదనకుండా గడిపేద్దామని ఆయన ఆశ.

"భద్రంగారూ, మంటకి చెవులుంటాయాండీ?" అన్నారు.

"సర్క్యులర్ని బట్టి ఉన్నట్టేనండి."

"అయితే ఉన్నట్టే లెండి," అని సంతకం పెట్టేశారు.

సర్క్యులరుకి రెండో కాగితం కూడా ఉంది. జపాను యుద్ధాల్లో ఎవరు ఏం చేశారో అక్కడే నిలబడి రాసుకునే లేఖకులు ఉండేవారట. కాబట్టి ప్రతి స్టేషనుకీ ఒక యుద్ధలేఖకుడు కావాలి. మా స్టేషన్లో అక్షరాలు గుండ్రంగా రాసేది నేనొక్కణ్ణే. అందుకని పుస్తకం, కలం ఇచ్చి నన్ను కూడా బండెక్కించారు. మరి ఫోనెవరెత్తుతారని అడిగితే, యుద్ధంలో ఉన్నవాళ్లు ఫోనెత్తరని హెడ్డాఫీసునుంచి జవాబొచ్చింది.

ఇక వంశాల వేట మొదలైంది. మావాళ్లంతా సెలవులు పెట్టి ఊళ్లకెళ్లి, మంచాన పడ్డ ముసలాళ్లని లేపి కూచోబెట్టి ముత్తాతల పేర్లు రాబట్టారు. మా డ్రైవరు సూరన్న ముత్తాత ఒకప్పుడు పులిని చంపాడని తేలింది. రెండు వారాలు తిరిగేసరికి పులులు మూడయ్యాయి. వంశమనేసరికి మావాళ్ల నడకే మారిపోయింది. నిన్నటిదాకా ఒకే కేరేజీలో చెయ్యి పెట్టి తిన్నవాళ్లు, ఎవరి తాత ఎవరి తాత దగ్గర పాలేరుగా ఉన్నాడో ఆరా తీయడం మొదలెట్టారు. నెల తిరక్కుండా స్టేషన్లో నీళ్లకుండలు రెండయ్యాయి. డైరెక్టరు గారు జపానులో చూసొచ్చిన కత్తి కన్నా మన ఇంట్లోదే బాగా తెగుతుందని నాకప్పుడు అర్థమైంది.

వంశం దొరకనివాడు ఒక్కడే. పేరు పోలయ్య. ఏడాది పిల్లాడిగా పడవలరేవులో చేపలగంపలో దొరికితే అనాథాశ్రమంవాళ్లు పెంచారు. ఆ రోజు పోలేరమ్మ జాతర కాబట్టి పోలయ్య అన్నారు. ఇంటిపేరు గడిలో ఆశ్రమం గుమస్తా 'రేవు' అని రాశాడు. ఇప్పుడతనికి ముప్ఫై నాలుగేళ్లు. మా జిల్లాలో అతనిలాంటి ఫైర్‌మన్ లేడని నేను కాగితం మీద రాసిస్తాను. పొగవాసన చూసి గాలి ఎటు తిరగబోతోందో చెబుతాడు. అందరికన్నా ముందు లోపలికి దూరతాడు, ఆఖర్న బయటికొస్తాడు. వచ్చేటప్పుడు వట్టిచేతుల్తో రాడు. పసిపిల్లో, మేకపిల్లో, పెళ్లిఫోటోనో, ఏదో ఒకటి చంకన పెట్టుకుని వస్తాడు.

వంశాల్ని తనిఖీ చేయడానికి హెడ్డాఫీసునుంచి ధ్రువీకరణాధికారి వచ్చాడు. ముందు ఫారం, పక్కన ముద్ర, ఎదురుగా పోలయ్య.

"తండ్రి పేరు?"

"తెలీదండి."

"తాత పేరు?"

"నాన్నే తెలీనప్పుడు తాతెలా తెలుస్తాడండి?"

"అడిగినదానికి జవాబు చెప్పు. ముత్తాత పేరు?"

"తెలీదండి."

"ముత్తాత చేసిన ఘనకార్యం?"

పోలయ్య నిజంగానే ఆలోచించాడు. "ఏదో చేసే ఉంటాడండి. లేపోతే నేను పుట్టనుగదండీ," అన్నాడు.

అధికారి ఫారం మీద 'అవంశీకుడు' అని రాసి ముద్ర గుద్దాడు. అవంశీకుడు గొట్టం ముట్టుకోకూడదు. తొంభై రోజుల్లో మూడు తరాల వంశావళి దాఖలు చెయ్యాలి. చెయ్యకపోతే ఉద్యోగం పోతుంది. అప్పటిదాకా అతనికి శంఖం ఊదే పని ఇచ్చారు. జపాను సేనలు శంఖం ఊది యుద్ధం మొదలెట్టేవారని నలభై మూడో పేజీలో ఉందట.

ఆ సాయంత్రం పోలయ్య శంఖం ఒళ్లో పెట్టుకుని నా బల్ల దగ్గర కూచున్నాడు. "నాకు వేరే పని రాదండి, భద్రంగారూ. మంటార్పడం ఒక్కటే వచ్చు. తొంభై రోజుల్లో తాతని ఎక్కణ్ణుంచి తేనండి?" అన్నాడు. నా ముత్తాత పేరు కూడా నేను సగం ఊహించి రాసిందే. ఆ సంగతి పైకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

మొదటి యుద్ధం సుందరరామయ్య అనే రైతు గడ్డిమేటు దగ్గర జరిగింది. మేం వెళ్లేసరికి మేటు ఒక పక్కనే అంటుకుంది. పోలయ్య శంఖం ఊదాడు. అయిదుగురూ పన్నెండడుగుల దూరంలో వరసగా నిలబడి గుండెల మీద చేతులేసుకున్నారు. సూరన్న గొంతు సవరించుకున్నాడు. "ఓ అగ్నీ! నేను సూరన్నని. మా నాన్న అప్పలసూరి, ఎడ్లపందేల్లో మూడుసార్లు నెగ్గినవాడు. మా తాత పెదసూరి, పుష్కరాల్లో మునిగిపోతున్న మునసబుని జుట్టు పట్టుకుని లాగినవాడు. మా ముత్తాత మూడు పులుల్ని..." మంట మాత్రం వింటున్నట్టు కనపడలేదు. అది తన పని తాను చేసుకుంటూ ముందుకొచ్చింది. మంట ముందుకొచ్చినకొద్దీ నియమం ప్రకారం మావాళ్లు వెనక్కి జరగాలి. జరిగినప్పుడల్లా ఎవడో ఒకడికి క్రమం తప్పేది. క్రమం తప్పినవాడు మళ్లీ తండ్రి దగ్గర్నుంచి అందుకునేవాడు.

సుందరరామయ్య తలగుడ్డ తీసి నేలకేసి కొట్టాడు. "మీ ముత్తాత పులుల్ని చంపితే చంపాడు, నా గడ్డి ఏం చేసిందయ్యా మిమ్మల్ని!" అని అరిచాడు. ఆ మాట నేను రాసుకోలేదు. యుద్ధలేఖకుడు వంశంవాళ్ల మాటలే రాయాలి. మొత్తానికి పక్కనున్నవాటితో కలిపి మూడు మేట్లు తగలబడ్డాయి. ప్రకటనలో తప్పులు దొర్లలేదని మా స్టేషనుకి ప్రశంసాపత్రం వచ్చింది.

అంతటితో పోతే బాగుండేది. కానీ డైరెక్టరు గారు యాభయ్యో పేజీకి వచ్చారు. యుద్ధం ముగిశాక జపాను యోధులు తాము నరికిన తలల్ని కడిగి, జుట్టు దువ్వి, ఎవరి తలో చీటీ మీద రాసి కట్టి, ప్రభువు ముందు వరసగా పెట్టేవారట. తల చూపిస్తేనే బహుమానం. కాబట్టి ఇకనుంచి ఆర్పిన ప్రతి మంటకీ ఒక కాలిన అవశేషం చీటీ కట్టి హెడ్డాఫీసుకి పంపాలన్నారు. దూలమైతే మొదటి తరగతి, వాసమైతే రెండోది, తాటాకైతే అసలు లెక్కలోకి రాదు. హెడ్డాఫీసు వెనక ఒక షెడ్డు వేసి బొగ్గైపోయిన కొయ్యల్ని వరసగా నిలబెట్టారు. ప్రతి సోమవారం గరుడాచలం గారు మూతి బిగించి వాటి మధ్య పచార్లు చేసేవారు.

పక్క స్టేషను గవర్లంకవాళ్లు ఒక వంటింట్లో లేచిన మంటని నాలుగు నిమిషాల్లో ఆర్పేశారు. వాళ్లకి మెమో వచ్చింది: "సమర్పింపదగిన అవశేషమేదియు లేనందున సదరు యుద్ధము జరిగినట్లు పరిగణింపజాలము. త్వరపడి ఆర్పుట వీరలక్షణము కాదని హెచ్చరించడమైనది." ఆ మెమో నకలు అన్ని స్టేషన్లకీ పంపారు. దాంతో మావాళ్లు ఎక్కడికెళ్లినా కనీసం ఒక్క దూలమైనా చక్కగా కాలేదాకా ఆగడం నేర్చుకున్నారు. జనం కూడా మమ్మల్ని చూసి ఏదో ఒక దారి వెతుక్కునేవారు. ఒక ముసలమ్మ మంచంకోడు పట్టుకొచ్చి, "ఇదిగో నాయనా, దీన్ని పొయ్యిలో పెట్టి కాల్చిస్తాను, పట్టుకుపోండి. నా ఇల్లొదిలెయ్యండి," అని సూరన్న కాళ్ల మీద పడింది.

యాభై రెండో పేజీ ఎర్రజెండా, తెల్లజెండా గురించి. తైరావాళ్లది ఎరుపు, మినామోతోలది తెలుపు. డైరెక్టరు గారు స్టేషన్లన్నిటినీ ఈ రెండు వంశాల కింద పంచేశారు. మేం ఎరుపు, గవర్లంక తెలుపు. ముందు చేరినవాళ్లకి 'తొలి ఈటె' అనే బిరుదు. ఒకరోజు కొబ్బరిపీచు పోగులు అంటుకున్నాయని రెండు స్టేషన్లకీ కబురొచ్చింది. రెండు ఫైరింజన్లూ ఒకే సన్నవంతెన మీద అటొకటి ఇటొకటి ఎదురుపడ్డాయి. ఎవరూ బండి వెనక్కి తియ్యలేదు. వెనక్కి తీస్తే వంశానికి మచ్చ. సూరన్న దిగి గవర్లంక డ్రైవరుకి మూడు పులులూ వినిపించాడు. వాడు వాళ్ల తాత పట్టిన మొసలిని వినిపించాడు. దూరంగా ఆకాశమంతా నల్లబడింది. విస్సన్న గారు బండిలోనే కూచుని, "ఏవండీ, నేనీపాటికి సెలవులో ఉన్నాననుకోండి," అన్నారు నాతో. తొలి ఈటె ఇద్దరికీ సగం సగం ఇచ్చారు. పీచు పోగుల్లో మిగిలిందేమీ లేదు, దాంతో అవశేషం దొరకలేదని ఇద్దరికీ మెమోలు కూడా ఇచ్చారు.

అప్పుడే ఆ పుస్తకం నా చేతికి వచ్చింది. గుండ్రంగా రాస్తానని, దాన్ని తెలుగులో ఎత్తి రాయమని పంపారు. నేను అరవై ఒకటో పేజీ కూడా చదివాను. అందులో ఏముందంటే, తైరా మినామోతోల పోరు ముగిసిన తొంభై ఏళ్లకి మంగోలులు ఓడలెక్కి జపాను మీదికి వచ్చారు. జపాను యోధుడొకడు పద్ధతి ప్రకారం ముందుకెళ్లి, కూత పెట్టే బాణం ఒకటి వేసి, వంశం చెప్పుకోబోయాడు. మంగోలులు గొల్లున నవ్వారట. గుంపుగా మీద పడి బాణాల వర్షం కురిపించారట. వాళ్లకి ఆ భాషా రాదు, ఆ మర్యాదా తెలీదు. తాతల పేర్లు తెలిసినవాళ్లు ఆ ఒడ్డునే చాలామంది పోయారట.

సమీక్షా సమావేశంలో నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే తెలీదు. అప్పటికి పోలయ్య తొంభై రోజుల్లో అరవై ఎనిమిది అయిపోయాయి. అతను రేవులన్నీ తిరిగి, చేపలవాళ్లందర్నీ అడిగి, ఖాళీ చేతుల్తో తిరిగొచ్చాడు. బహుశా అందుకే లేచి ఉంటాను.

"సార్, పుస్తకంలో అరవై ఒకటో పేజీ..." అన్నాను.

"అది మన పరిధిలో లేదు," అన్నారు గరుడాచలం గారు.

"మంగోలులు వంశం వినకుండానే బాణాలేశారని ఉందండి. మంట కూడా అంతే గదండీ. అది ఎవరి మాటా వినదు."

గరుడాచలం గారు జాలిగా నవ్వారు. "చూడండి, భద్రంగారూ. మంగోలులకి జపాను భాష రాదు. అది వాళ్ల లోపం. మన అగ్ని అలాంటిది కాదు. వేదకాలంనుంచీ మన గోత్రాలూ ప్రవరలూ వింటూనే ఉంది. హోమంలో గోత్రం చెప్పకుండా నెయ్యి వేస్తామా? మరి గోత్రం చెప్పకుండా నీళ్లెలా పోస్తాం?"

అందరూ బల్లలు చరిచారు. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నాకూ అది సబబుగానే తోచింది. మూర్ఖత్వానికి శాస్త్రం తోడైతే ఎంతటివాడికైనా కళ్లు బైర్లు కమ్ముతాయి.

ఎనభై ఒకటో రోజున మా ఊళ్లోనే వీరధర్మ ప్రదర్శన పెట్టారు. సంతబయలులో తాటాకు పందిరి, ఎత్తయిన వేదిక, చుట్టూ కాగడాలు. గరుడాచలం గారు నాటకాల కంపెనీనుంచి కవచం అద్దెకి తెప్పించుకుని, కొమ్ముల టోపీ పెట్టుకుని వేదికెక్కారు. కవచాన్ని తాళ్లతో వీపు వెనక బిగించారు. ఇద్దరు సాయం పడితేగాని అది ఊడదు. కింద రెండు వంశాల సిబ్బందీ, బళ్లూ, ఊరూ. ఆయన వంశాల గొప్పతనం గురించి నలభై నిమిషాలు మాట్లాడేసరికి ఒక కాగడా వాలి పందిరికి అంటుకుంది.

మెట్లవైపే అంటుకుంది. ఎండిన తాటాకు, ఎండాకాలం. చూస్తుండగానే పందిరి సగం భగ్గుమంది.

"ఆర్పండ్రా!" అని అరిచారు గరుడాచలం గారు.

రెండు వంశాలూ పన్నెండడుగుల దూరంలో వరసలు కట్టాయి. విస్సన్న గారు నోటికి చేతులడ్డం పెట్టి, "సార్, శంఖం ఊదించమంటారాండీ?" అని కేకేశారు. ఈలోగా సూరన్న మొదలెట్టేశాడు. "ఓ అగ్నీ! నేను సూరన్నని. మా నాన్న..."

"పులులు తరవాతరా! ముందు నీళ్లు కొట్టు!"

"క్రమం తప్పితే మళ్లీ మొదట్నుంచి చెప్పాలండి. మీ సర్క్యులరేనండి," అన్నాడు సూరన్న. అందులో వెటకారమేమీ లేదు. పాపం, వాడు భక్తుడు.

కొమ్ముల టోపీ కింద డైరెక్టరు గారి మొహం బూడిదరంగుకి తిరిగింది. ఆయన చేతులు వీపు వెనక్కి పెట్టి కవచం తాళ్లు లాక్కుంటున్నారు, అవి రావడం లేదు. అప్పుడు పోలయ్య శంఖం కింద పడేశాడు. ఎవడి చేతిలోదో బకెట్టు లాక్కుని నెత్తిన గుమ్మరించుకుని వేదిక వెనకనుంచి పైకి పాకాడు. మొలలో దోపుకున్న కొడవలితో తాళ్లు కోసేసి, కవచాన్ని అక్కడే వదిలి, డైరెక్టరు గారిని వరిబస్తాలా భుజాన వేసుకుని దూకాడు. ఆ వెంటనే గొట్టం అందుకున్నాడు. అంతా మూడు నిమిషాలు. సూరన్న అప్పటికి రెండో పులి దగ్గరున్నాడు.

గరుడాచలం గారు బనీనుతో, నీళ్లోడుతూ నేల మీద కూచున్నారు. అందరం ఒకటే అనుకున్నాం, ఇంతటితో సర్క్యులరు రద్దవుతుందని. మనిషికి ప్రాణం పోయేదాకా వస్తే బుద్ధి వస్తుందని మనకో నమ్మకం. అది మనుషుల విషయంలో నిజమే కావచ్చు గాని, డైరెక్టర్ల విషయంలో కాదు.

వారం తిరక్కుండా విచారణ నివేదిక వచ్చింది. నానోరి, అంటే వంశప్రకటన, పూర్తికాలేదు, కాబట్టి యుద్ధం జరగలేదు. యుద్ధం జరగలేదు, కాబట్టి మంట లేవలేదు. పందిరి తడవడానికి కారణం అకాలవర్షం. ఆ వర్షానికి సాక్షుల జాబితాలో నా పేరు కూడా ఉంది.

ఇక పోలయ్య సంగతి. గరుడాచలం గారు కృతఘ్నులు కారు. ఆ మాట ఒప్పుకోవాలి. యాభై ఎనిమిదో పేజీలో ఉందట, జపానులో వారసులు లేని వీరవంశాలు సమర్థుడైన పరాయివాణ్ణి దత్తత తీసుకుని, తమ పేరూ తాతల్నీ అతనికి ఇచ్చేవారని. ఆయన పాతకాగితాలు తిరగేయించి, వందేళ్ల క్రితం వారసులు లేక ఆగిపోయిన ఒక జమీందారీ వంశాన్ని వెతికి తీయించారు. కొండ్రపాటివారు. పదకొండు తరాలు. మా శాఖ మొత్తంలో అంత పొడుగు వంశం ఎవరికీ లేదు. ఎనభై తొమ్మిదో రోజున సభ పెట్టి, పోలయ్య మెడలో దండ వేసి, పదకొండు పేర్లున్న పటం చేతికిచ్చారు. గొట్టం కూడా తిరిగిచ్చారు.

మేమంతా చప్పట్లు కొట్టాం. నేనైతే గట్టిగానే కొట్టాను. పోలయ్య ఉద్యోగం నిలబడింది. మళ్లీ లోపలికి దూరేవాడు ఒకడున్నాడు. నాలుగు పేర్లు గబగబా అనేసి దూరిపోతాడు, లేదా ఎవరూ చూడకుండా అనడం మానేస్తాడు. అంతకన్నా ఏం కావాలి అనుకున్నాను.

ఆ మర్నాడు పోలయ్య పటం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "ఈ ఏడో తాత పేరు నోరు తిరగట్లేదండి. కాస్త చెబుదురూ," అన్నాడు.

"విజయజగ్గభూపతి," అన్నాను.

"విజయజగ్గభూపతి," అన్నాడు మెల్లగా, వేడిపాలు గుటకేసినట్టు. మళ్లీ అన్నాడు. "పదకొండుమందండీ, భద్రంగారూ. అందరూ నావాళ్లేనంట." ఆ పేర్లు ఉత్తుత్తివని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నిజానికి ఉత్తుత్తివి కూడా కాదు. ఎవరికీ చెందకుండా పడున్నవి, అంతే. తరవాత వచ్చిన అమావాస్యకి అతను రేవుకెళ్లి, మోకాలిలోతు నీళ్లలో నిలబడి పదకొండుమందికీ పేరుపేరునా తర్పణాలు వదిలాడు. ముప్ఫై నాలుగేళ్లలో అతను ఎవరికోసమైనా తర్పణం వదలడం అదే మొదలు.

ఆ వారంలోనే కనకరత్నం ఇల్లంటుకుంది. కనకరత్నం జాకెట్లు కుట్టుకుని బతికే ఒంటరి మనిషి. తాటాకిల్లు. మేం వెళ్లేసరికి వెనకవైపు కప్పు మాత్రమే మండుతోంది. ముందుగది, గుమ్మం, అన్నీ బాగానే ఉన్నాయి. "మిషను లోపలుంది బాబూ, గుమ్మం పక్కనే!" అని ఆమె బండికి ఎదురు పరుగెత్తుకొచ్చింది.

అందరికన్నా ముందు పోలయ్యే దూకాడు. నాకు గుండె కుదుటపడింది. గుమ్మం అతనికి పది అంగలు. అతను గబగబా నడిచి, ఆగాడు. పన్నెండడుగులు కళ్లతో కొలుచుకున్నాడు. గొట్టం పక్కన పెట్టి కుడిచెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు.

"ఓ అగ్నీ! నేను కొండ్రపాటి పోలయ్యని," అన్నాడు.

గబగబా అనలేదు. ఒక్కో పేరునీ నింపాదిగా, కుటుంబంలో పెద్దాయన్ని కుర్చీలో కూచోబెట్టినట్టు అన్నాడు. ఎవరు ఏ చెరువు తవ్వించారో, ఎవరు ఏ కోట ముందు నిలబడ్డారో, ఒక్కటీ వదల్లేదు. మూడో పేరు దగ్గర మంట ముందుగదికి వచ్చింది. "బాబూ, మిషనయ్యా!" అని కనకరత్నం అతని చొక్కా పట్టుకుని లాగింది. అతను చెయ్యెత్తి, "ఒక్క నిమిషమమ్మా, ఇంకా ఎనిమిదిమందున్నారు," అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

విస్సన్న గారు ఆపమనొచ్చు. నేను ఆపొచ్చు. సూరన్న కూడా నావైపు చూశాడు, పులుల సూరన్న. ఎవరమూ కదల్లేదు. సర్క్యులరుకి భయపడి కాదు. పోలయ్య మొహం చూసి మాకు చేతులు రాలేదు. ఇంతమంది చేతుల్లో ఒక్కటీ రాలేదని చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది. విజయజగ్గభూపతి దగ్గర కప్పు కూలింది. పోలయ్య క్రమం తప్పలేదు. పదకొండో పేరు పూర్తిచేసి దణ్ణం పెట్టి, అప్పుడు వంగి గొట్టం తీసుకున్నాడు.

కనకరత్నం అప్పటికి ఏడుపు ఆపేసింది. మట్టిలో కూచుని, కూలిపోయిన ఇంటివైపు కాకుండా పోలయ్యవైపు చూస్తోంది.

"ఎవరు నాయనా వాళ్లంతా?" అంది.

"మా తాతలమ్మా," అన్నాడు పోలయ్య, కళ్లు తుడుచుకుంటూ.

"పదకొండుమందీనా?"

"పదకొండుమందీనమ్మా."

ఆమె నిజంగా తెలుసుకోవాలనే అడిగినట్టు అడిగింది: "అంతమంది ఉండి, ఒక్కడూ బిందెడు నీళ్లు పొయ్యలేదేం నాయనా?"

పోలయ్య గొట్టాన్ని బూడిదవైపు తిప్పాడు. అప్పటికి గొట్టంలోకి నీళ్లొచ్చాయి.